ఐదో గేరులో మూలుగు

రోజుకు రెండుసార్లైనా
రెండువందల తొంభై తొమ్మిది దాకా పోతాను,
జానెడు కూడా కదలకుండా.

షువైఖ్‌లో, టైర్ల కొట్టు వెనక సందులో మా గ్యారేజీ.
ముందు చక్రాన్ని ఇనుప పట్టులో బిగించి
నడుముకు నాలుగు బెల్టులు లాగి కట్టి
వెనక చక్రాన్ని రోలర్ మీదికి ఎక్కిస్తాం,
లాడాలు కొట్టడానికి కోడెను పడేసినట్టు.
ఎదురుగా జుయెల్ పెద్ద ఫ్యాను పెడతాడు,
ఇంజను వేడెక్కకుండా అద్దెగాలి.
నేను మీద కూర్చుని పిడి తిప్పుతాను.
కాలిన రబ్బరు వాసన. పంటి చిగుళ్లలో వణుకు.
బండి ఎక్కడికీ పోలేదని మీటరుకు తెలియదు,
కిలోమీటర్లు రాసుకుంటూనే ఉంటుంది.

పదకొండేళ్లుగా ఇంతే.
ఓబులేసు అనడానికి నోరు తిరగక
అందరూ ఒబేద్ అంటారు.
అకామాలో నేను ఎవరింట్లోనో వంటవాణ్ణి.
గుడ్డు ఉడకేయడం కూడా రాదు.

మిషారి నల్ల బండి తెచ్చి
"రెండొందలు దాటినాక
ఐదో గేరులో ఏదో మూలుగుతుంది ఒబేద్" అన్నాడు.
రోలర్ మీద మూడుసార్లు పెట్టి చూశా.
స్క్రూడ్రైవరు కొస బేరింగుకు, పిడి చెవికి ఆనించి
నాడి పట్టే మా పెద్దనాయనలాగా కళ్లు మూసుకుని విన్నా.
ఏమీ లేదు.
"ఇక్కడ కాదు, రోడ్డు మీద ఉంది. నువ్వే నడిపి విను."

శుక్రవారం, ఫజర్ బాంగు అయిన కాసేపటికి
సాల్మీ రోడ్డు.
తన హెల్మెట్ నాకిచ్చాడు. లోపలంతా ఊద్ వాసన.

రాయచోటిలో నేను నేర్చుకున్నది టీవీఎస్ ఫిఫ్టీ,
వెనక శెనక్కాయల మూటతో.
గువ్వలచెరువు ఘాట్ దిగేప్పుడు ఇంజను ఆపేసి
మిగిలిన పెట్రోలు లెక్కేసుకుని మురిసినవాణ్ణి.
వేగమంటే అప్పుడు పల్లం ఊరకే ఇచ్చేది.

నూట ఇరవై. కంచె అవతల ఒంటెలు ఒంటెల్లాగే ఉన్నాయి.
నూట అరవై. అవన్నీ కలిసి ఒక గోధుమరంగు గీత.
రెండొందలు.
ఫ్యాను గాలైతే
మూతి పక్కకు తిప్పి తప్పించుకోవచ్చు.
ఇది గాలి కాదు, గోడ.
దూరితే అవతల మళ్లీ గోడే.
అద్దం సందులోంచి గాలి కోస్తే
కంటినీరు కిందికి జారక చెవివైపు పాకింది.
రోడ్డుకు పక్కలు లేవు.
నా పేరు, ఓబులేసో ఒబేదో,
వెనక ఎక్కడో పడిపోయింది. తీసుకోను ఆగలేదు.

రెండొందల ముప్పై.
అప్పుడు వినపడింది.
సన్నగా, దగ్గరగా, తెగకుండా.
చైను కాదు. బేరింగు కాదు. గేర్ల పళ్లు కాదు.
పిడి వదిలితే తగ్గింది, తిప్పితే లేచింది.
మూడోసారికి పట్టుకున్నా.
నా గొంతులోంచే వస్తోంది.
బస్తా ఎత్తేవాడు మూలిగినట్టా,
తాగినవాడు కూనిరాగం తీసినట్టా, చెప్పలేను.

తిరిగొచ్చి హెల్మెట్ తీశాను.
ఇరవై రెండేళ్లుంటాయేమో, గడ్డం సరిగా మొలవలేదు.
"విన్నావా?"
"విన్నా."
"ఏంటది?"
నా అరబ్బీ అంతా సామాన్ల పేర్లే.
క్లచ్చి, ప్లగ్గు, ఫిల్టరు, రేపు, ఎల్లుండి, ఎంత.
గొంతును ఏమంటారో తెలుసు.
భయాన్నీ సంతోషాన్నీ కలిపి ఏమంటారో తెలియదు.
తెలుగులోనూ తెలియదు.
"చైను కొంచెం లూజు" అన్నాను.
రెండు పట్లు బిగించి మూడు దీనార్లు రాశాను.

రెండు వారాలకు వచ్చాడు, ఖర్జూరాల డబ్బాతో.
"పోయింది ఒబేద్! ఇప్పుడెంత తిప్పినా మూలగదు."

చేతిలోని స్పానరు కింద పెట్టాను.
"బండి వదిలిపెట్టి పో, ఇంకోసారి చూస్తా."
"బాగైపోయింది కదా?"
బాగైపోయింది కాబట్టే.
ఆ మాట అరబ్బీలో రాలేదు.

తాళం వేలికి తిప్పుకుంటూ నవ్వాడు.
సందు మలుపు దాకా విన్నాను.
ఒకటి. రెండు. మూడు.
ఐదో గేరు ఇక్కడిదాకా వినపడదు.